కింది గీత

సర్వేయరమ్మగారికి మీ ఇంటాయన రాయునది.

ఇక్కడ నేను, అమ్మ, మన పిల్ల పిచ్చుక క్షేమంగా ఉన్నాం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. నువ్వు ఆ సొరంగం పనికి వెళ్ళిన ఈ పద్నాలుగు నెలల్లో ఈ వాక్యం పాతికసార్లయినా రాసి ఉంటాను. చెయ్యి దానంతటదే రాసుకుపోయేది. ఈసారి మాత్రం ‘క్షేమం’ దగ్గర కలం ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పేముందు నువ్వు అడిగినవాటికి జవాబులు ఇచ్చేస్తాను, లేకపోతే ‘అడిగినవి వదిలేసి అడగనివన్నీ రాస్తావు’ అని మళ్ళీ దెప్పుతావు.

అమ్మ మోకాలు ఫరవాలేదు. నువ్వు పంపిన పట్టీ కట్టుకోమంటే ‘దాని బిగింపు కంటే నా నొప్పే నయం’ అని పెట్టెలో దాచింది. పక్కింటావిడతో కబుర్లకి మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆ మోకాలు అస్సలు గుర్తుకు రాదు. వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు కారడం లేదు. విప్పినా రావడం లేదు. ప్లంబరు మళ్ళీ రావాలి.

నీ ఉత్తరంలో ట్రాలీ తగిలి పరికరం కదిలిందనీ, వారం రోజుల రీడింగులు కొట్టేసి మొదటి నుంచి కొలిచావనీ రాశావు. ‘ఎవరూ చూడలేదు, తేడా వెంట్రుకంత కూడా ఉండకపోవచ్చు, కానీ అటువైపు నుంచి తవ్వుకొస్తున్నవాళ్ళు నా అంకెల్ని నమ్ముకుని వస్తున్నారు’ అన్నావు. ఆ వాక్యం అమ్మకి చదివి వినిపిస్తూ మధ్యలో ఆగిపోయాను. నీ మీద బెంగ అనుకుంది అమ్మ. నేనూ కాదనలేదు.

ఇక నీ మిగిలిన ప్రశ్న. ‘ఫొటోలో పిచ్చుక వేసుకున్న పసుపు గౌను నేను వచ్చేముందు కొన్నదే కదా? అప్పుడూ మోకాళ్ళ కిందికే ఉండేది, ఇప్పుడూ మోకాళ్ళ కిందికే ఉందేం?’ అని అడిగావు. ఎంత మామూలుగా అడిగావో! దాని కింద వెంటనే కుళాయి సంగతి అడిగావు.

నాలుగు రోజులు ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కున్నాను. ఉతికి ఉతికి సాగిందని రాద్దామనుకున్నాను. అప్పుడే పెద్ద సైజు కొన్నావని రాద్దామనుకున్నాను. పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసి ‘పిల్ల ఎలా ఉంది?’ అన్నప్పుడు, ‘బాగుంది’ అనేసి ఫోన్ అమ్మ చేతికిచ్చేశాను. నీ తర్వాతి ఫోన్ ఇంకో వారానికి గానీ రాదు. మీ సొరంగం దగ్గరికి వచ్చే సరుకుల వ్యాను సోమవారమే బయలుదేరుతుంది కాబట్టి ఈ ఉత్తరమే ముందు చేరుతుంది. చేరాలి. ఫోనులో అయితే మళ్ళీ ‘బాగుంది’ అనేస్తానని నాకు భయం.

నా పని నీకు తెలియనిది కాదు, అయినా ఇక్కడ చెప్పక తప్పదు. పిల్లల ఎదుగుదల మీద, హార్మోన్ల జబ్బుల మీద మా ఆసుపత్రిలో జరిగే పరిశోధనకి ఆరేళ్ళుగా కొలతలు తీస్తున్నాను. మూడు నెలలకోసారి బడులకి వెళ్ళి పిల్లల ఎత్తూ బరువూ రాసుకొస్తాం. ఏ బిడ్డ అయినా తన ఎదుగుదల గీత నుంచి కిందికి జారితే మా కంప్యూటరు చెబుతుంది, డాక్టర్లు పిలిపిస్తారు. మాకు నియమాలు చాలా ఉన్నాయి. పొద్దున లేచినప్పటికీ సాయంత్రానికీ మనిషి దాదాపు సెంటీమీటరు కుంగుతాడు కాబట్టి అందరినీ తొమ్మిదికీ పదకొండుకీ మధ్యే కొలవాలి. మడమలు, భుజాలు, తల పలకకి ఆనాలి. ఒకరు కొలిచిన అంకె చూడకుండా ఇంకొకరు మళ్ళీ కొలవాలి. అన్నిటికంటే పైన రాసి ఉండే నియమం, సొంత పిల్లల్ని కొలవకూడదని. చేరిన కొత్తలో అది చదివి నవ్వుకున్నాను, సెంటీమీటర్లలో కూడా ప్రేమ కలుస్తుందా అని.

పిచ్చుక బడి కూడా మా జాబితాలో ఉంది. కిందటి రెండు విడతల్లో మేం వెళ్ళినప్పుడు ఒకసారి దానికి జ్వరం, ఇంకోసారి బొమ్మల పోటీకి ఎక్కడికో తీసుకెళ్ళారు. రెండుసార్లూ నేను మన పడకగది తలుపు మీది అంకెనే దాని కార్డులో ఎక్కించాను. నెలనెలా మొదటి ఆదివారం పెన్సిలుతో గీస్తానే, ఆ గీత అంకె. నీకు రాసిందీ అదే. ‘నూట పదిహేడూ పాయింట్ నాలుగు నుంచి నూట ఇరవై ఒకటీ పాయింట్ నాలుగుకి వచ్చింది, నాలుగు సెంటీమీటర్లు, నిన్ను దాటిపోతుంది చూస్తూ ఉండు’ అని రాశాను. నువ్వు మురిసిపోయి జవాబు రాశావు. ఆ జవాబు ఇప్పుడు చదవలేకపోతున్నాను.

ఈ సోమవారం పొద్దున పిచ్చుకని ఆఫీసుకి తీసుకెళ్ళాను. మా రెండో కొలతమనిషి ఉంది కదా, పిల్లలంతా స్కేలు మేడం అంటారు, ఆవిడ చేతికి అప్పగించి నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పిచ్చుక బూట్లు విప్పింది, క్లిప్పులు తీసింది, పలక ముందు బుద్ధిగా నిలబడింది.

“మడమలు ఆనించు బంగారం,” అంది ఆవిడ.

పిచ్చుక నా వైపు చూసింది. “మా నాన్న ఆనించమనడు,” అంది.

స్కేలు మేడం నా వైపు చూడలేదు. నేల మీద కూర్చుని దాని రెండు మడమలూ చేతులతో నొక్కి పట్టింది. తల మీదికి అడ్డపలక దించింది. మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ నూట పంతొమ్మిదీ పాయింట్ ఆరు.

అదీ సంగతి. పద్నాలుగు నెలల్లో రెండు సెంటీమీటర్ల పైన ఇంకో రెండు మిల్లీమీటర్లు. తొమ్మిదేళ్ళ పిల్ల ఏడాదికి ఐదైనా పెరగాలి.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెప్తాను. నాకు తెలుసు. ఏడో నెలలో గీత కదలలేదు. నా ముఖం మారి ఉంటుంది, పిల్ల చూసింది. ఎనిమిదో నెలలో దాని మడమలు కాస్త లేచాయి. పది వేల జతల మడమలు చూసినవాణ్ణి, నాకు తెలియలేదంటే నువ్వు నమ్మవు. నేను కిందికి చూడలేదంతే. అది మంచం దిగీ దిగగానే కొలిచేవాణ్ణి. గడ్డం కింద చెయ్యి పెట్టి కాస్త పైకి సాగదీసేవాణ్ణి. ఇంత చేసి వచ్చిన అంకెని కార్డులో నింపి, నీకు ఉత్తరంలో రాసి, నేను కూడా నమ్మేశాను. అమ్మ ‘మన వంశమే అంత, నీకూ పదహారు వచ్చాకే ఒళ్ళు సాగింది’ అంటూ ఉంటే హాయిగా వినేవాణ్ణి.

పెద్ద డాక్టరుగారి ఎదుట కూర్చుని అంతా చెప్పాను, కార్డు సంగతితో సహా. “మీ ఉద్యోగం ఏమవుతుందో కమిటీ చెబుతుంది, అది వేరే సంగతి,” అంది ఆవిడ. “అసలు అంకె రాసుంటే మీ పాపని ఆరు నెలల కిందటే పిలిపించేవాళ్ళం.” గొంతు కూడా పెంచలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

చేతి ఎక్స్‌రే తీశారు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఎముకల వయసు ఆరున్నర. అది మనకి మంచిదేనట, పెరగడానికి ఇంకా టైముందని అర్థమట. థైరాయిడ్ బాగానే ఉంది. ఆడపిల్లలకి చేసే జన్యు పరీక్ష ఫలితం రావడానికి మూడు వారాలు పడుతుంది. వచ్చే గురువారం కాక ఆపై గురువారం, పరగడుపున తీసుకెళ్ళాలి. చేతికి సూది పెట్టి ఉంచి, మందిచ్చి, అరగంటకోసారి రక్తం తీస్తారు. ఎదుగుదల హార్మోను వస్తోందో లేదో తెలుస్తుంది. రాకపోతే తలకి స్కాను. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది, దాన్ని ఏదైనా ఒత్తుతోందేమో చూస్తారట. ‘ఏదైనా అంటే ఏమిటి?’ అని నేను అడగలేదు. ఆరేళ్ళలో మా ఫైళ్ళలో అలాంటివి రెండు చూశాను. ఈ వారంలో అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ రెండు ఫైళ్ళే గుర్తొస్తున్నాయి. నాకు చాలా భయంగా ఉంది.

“ఆలస్యమైంది, కానీ చెయ్యి దాటిపోలేదు,” అంది డాక్టరుగారు. ఆ మాటలో రెండో సగం పట్టుకుని తిరుగుతున్నాను. అమ్మకి కూడా చెప్పాను. ఈసారి తను వంశం ఊసు ఎత్తలేదు. పెట్టెలోంచి నీ పట్టీ తీసి మోకాలికి బిగించుకుని, వరండాలో అటూ ఇటూ నడుస్తోంది. గురువారం ఆసుపత్రికి తనూ వస్తుందట, అక్కడి మెట్లకి ఇప్పటి నుంచే తయారవుతోందట.

ఇవాళ శనివారం కదా, మధ్యాహ్నమే బడి వదిలారు. ఇంటికి రాగానే పిచ్చుక చెప్పులు విడిచి, పెన్సిలు తెచ్చి, తలుపుకి ఆనుకుని నిలబడింది. నేను నేల మీద కూర్చుని స్కేలు మేడంలాగే దాని మడమలు రెండూ పట్టుకున్నాను. అమ్మ వచ్చి గీత గీసింది. గీత కిందటి మూడు నెలల గీతలకీ కింద పడింది. పిచ్చుక వెనక్కి తిరిగి దాన్ని చాలాసేపు చూసింది.

“నువ్వు ఎత్తుతున్నావని నాకు తెలుసమ్మా,” అన్నాను.

“నీకు తెలుసని నాకూ తెలుసు.”

“మరి ఎందుకు ఎత్తావు?”

“గీత పైకి పోయిన రోజు నువ్వు నవ్వుకుంటూ అమ్మకి ఉత్తరం రాస్తావుగా,” అంది. కొత్త గీత మీద వేలు పెట్టి, “ఇప్పుడు అమ్మకి ఏ గీత రాస్తావు?” అని అడిగింది.

“కిందిదే.”

“అయితే మడమలు ఎత్తింది నేనేనని కూడా రాయి. లేకపోతే అమ్మ నిన్నొక్కణ్ణే తిడుతుంది.”

రాస్తానని దానికి మాటిచ్చాను కాబట్టి రాశాను. నువ్వు మాత్రం నన్నొక్కణ్ణే తిట్టు. ఆ గురువారం లోపల సెలవు పెట్టుకుని వచ్చి, ఎదురుగా నిలబడి తిట్టు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
పిచ్చుక నాన్న