బోర్లించిన గంగాళం

అత్తా,

నువ్వు పోయాక మొదటి పెద్ద వాన నిన్న సాయంత్రం కురిసింది. ఉరుము వినగానే, ఎప్పటి అలవాటే, నీ ఇత్తడి గంగాళం ఎత్తుకుని వాకిట్లోకి ఉరికాను. మిద్దె మీది నీళ్లు దూకే మూలలో పెట్టాను. వాన దంచుతున్నా గంగాళంలో చుక్క పడలేదు.

నీ కొడుకు అరుగు మీద నుంచి నవ్వినాడు. "ఆడేం పెడతాండావే? నీళ్లన్నీ పైపులో పోతాండాయి. వచ్చి కూచో."

అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఎండాకాలమే పెరట్లో సంపు తవ్వించి, మిద్దె నీళ్లు అందులోకి దిగేలా పైపులు వేయించాడు. మిద్దెను కడిగిన మొదటి మురికి నీళ్లు నీ కరివేపాకు చెట్టుకు వదిలాం. తర్వాత సంపులో ధార పడే చప్పుడు మొదలైంది. ఇక ట్యాంకరు హారన్ కోసం చెవులు రిక్కించుకుని పడుకోనక్కర్లేదు, ఈ కొన్నాళ్లైనా.

వానొస్తే మనిద్దరం బిందెలు మార్చడమే కదా. నేను కాస్త నిలబడితే చాలు, "వాన చూస్తా ఉంటే కడవ నిండుతాదా?" అని కసిరేదానివి.

నిండుతుందత్తా. నీ గంగాళం బోర్లించి, దాని మీదే కూర్చుని, వెలిసేదాకా వాన చూశాను.