పోశమ్మత్త రాకపోవడానికి కారణాలు

సూరత్, పర్వత్ పాటియా
అక్టోబర్ 1

మా పోశమ్మత్తకు, మేనకోడలు తిరుమల దండాలు.

ఇక్కడ బాపు, అమ్మ, నేను బాగున్నాం. కుడికన్ను తప్ప నువ్వూ బాగున్నావనుకుంటాను. ఫోన్ చేస్తే మేం చెప్పేది నీకు వినపడదు, "మంచిగున్న, పెట్టు" అని కట్ చేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పక్కింటి స్వరాజ్యం టీచరు చదివి వినిపిస్తుందని ధైర్యం.

ముఖ్యమైనది ముందు. నీ కంటి ఆపరేషన్‌కు ఇక్కడి ధర్మాసుపత్రిలో నవంబర్ 19 తేదీ దొరికింది. చేసేది మన తెలుగు డాక్టరమ్మే, సుభాషిణి గారు. శుక్లం బాగా ముదిరిందని, ఇంకా ఆలస్యం చేయొద్దని నీ రిపోర్టు చూసి చెప్పారు. వారం ముందే బస్సెక్కి రా. కన్ను కుదుటపడేదాకా మా దగ్గరే ఉందువు.

ఇక మా ఇంటి విశేషం. నేను పాఠాలు చెప్పే కార్పొరేషన్ తెలుగు బడి వాళ్ళు నన్ను పర్యావరణం మీద మూడు రోజుల శిక్షణకు పంపారు. మన ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని కదా, భూమిని కాపాడే పని కూడా మొదట నాకే అప్పగించారనిపించింది. ఇంటికి రాగానే నియమాలు పెట్టాను. మనిషికి ఒక బకెట్టు స్నానం. సాయంత్రం ఏడు దాటితే ఒకే బల్బు, ఒకే ఫ్యాను, ముగ్గురం దాని కిందే కూర్చోవాలి. బీరకాయ పొట్టు, సొరకాయ పొట్టు పారేయకుండా పచ్చడి. బాపు బట్టలు నేసే లూముకు ఆటోలో కాకుండా నడిచి వెళ్ళాలి. ఫ్రిజ్ బంద్.

బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకూడదని అమ్మకు గంటసేపు చెప్పాను. అంతా విన్నాక అమ్మ, "నేనెప్పుడు పారబోసిన్నే?" అంది. ఇరవై ఏళ్ళుగా ఆ నీళ్ళు తులసి కుండీకే పోతున్నాయట. ఇన్నేళ్ళూ నేను పుస్తకం పట్టుకుని ఉన్నాను, చూడలేదు.

తప్పకుండా రా అత్తా.

నీ తిరుమల

తా.క. ఈ ఉత్తరం చీర మడతలో పెట్టే అట్ట వెనక రాస్తున్నాను. కవరు పాత చీరల క్యాటలాగు కాగితం. దాని మీద నవ్వుతున్న అమ్మాయి ఎవరో నాకు తెలియదు.

ఇంకో తా.క. "ప్లాస్టిక్ మానేద్దాం" అని నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ లామినేషన్ చేయించాను. గోడకు మేకు కొట్టాక గమనించాను.

*

రాజారం, జగిత్యాల జిల్లా
అక్టోబర్ 9

బిడ్డ తిరుమలకు మీ అత్త పోశమ్మ దీవెనలు. నేను చెప్తున్న, స్వరాజ్యం రాస్తున్నది.

నీ అట్ట ముట్టింది. పోస్టాయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి ఇచ్చిండు. బీడీలు చుట్టేకాడ స్వరాజ్యం గట్టిగ చదివింది, పదకొండుమందిమి విన్నం. నీళ్ళు బకెట్టేనట. లైటు ఒక్కటేనట. కూరకు లేక పొట్టు తింటున్నరట. నా తమ్ముడు లింగమూర్తి ఆటోకు లేక కాలినడకన పోతున్నడట. నాలుగు ముక్కలు రాసుకుందామంటే ఇంట్ల కాయితం లేదు. ఇగ అందరం ఏడ్సినం.

నిజం చెప్పు బిడ్డా, లింగమూర్తి పని పోయిందా? నాకు చెప్పకుంటే ఎవరికి చెప్తరు?

గిసుంటి కష్టంల నేనొచ్చి మీ మీద పడుడు మర్యాద కాదు. ఎడమకన్ను మంచిగనే ఉన్నది. బీడీ చుట్టుడు వేళ్ళకే తెలుస్తది, దానికి కన్నెందుకు? ఆపరేషన్ సంగతి మల్ల చూస్తం. వాడకట్టోళ్ళందరం కలిసి ఒక మూట కట్టినం. శుక్రవారం ట్రావెల్స్ బస్సుల వేస్తం, పోయి తెచ్చుకోండ్రి. సిగ్గుపడకుండ్రి.

మీ అత్త పోశమ్మ

తా.క. ఇది నా మాట. బీరకాయ పొట్టులో వేయించిన నువ్వులు వేసి నూరితే కడుపు నిండినట్టుంటుంది. ధైర్యంగా ఉండండి. – స్వరాజ్యం, రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్.

*

సూరత్
అక్టోబర్ 23

మా పోశమ్మత్తకు, తిరుమల దండాలు పెట్టి, కొంచెం తల కూడా పట్టుకుని రాస్తున్నది.

అత్తా, నువ్వు పొరబడ్డావు. మాకు ఏ లోటూ లేదు. బాపు పని ఎక్కడికీ పోలేదు. దీపావళి పండుగకు లూములు బంద్ కాబట్టి ఇంట్లో కూర్చున్నాడు, అంతే. మేం చేస్తున్నది లేక కాదు, ఉండి కూడా మానుకుంటున్నాం. మనం వాడే ప్రతి యూనిట్ కరెంటు వెనక ఎక్కడో బొగ్గు కాలుతుంది, దాని పొగకు భూమి వేడెక్కుతుంది. ఈ సంగతి శిక్షణలో బొమ్మలతో చూపించారు. బొమ్మలు నేనూ గీసి పంపుదును గానీ అట్ట చాలలేదు.

మూట అందింది. బియ్యం, చింతపండు, పసుపు చూసి అమ్మ కళ్ళొత్తుకుంది. ఇక ఆ బట్టలు! పధ్నాలుగు చీరలు, ఆరు ప్యాంట్లు. అంత మంచి పాత బట్ట నాకు ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? ఒక్క వారంలో అన్నీ కత్తిరించి సంచులు కుట్టేశాను. మా బడి పిల్లలందరికీ తలా ఒకటి వచ్చింది. ఆ నీలం చీర ఎంత గట్టిదో! రెండు పొరల సంచి అయింది, ఉల్లిగడ్డలు మోయడానికి బాగుంది.

బాల్కనీలో కుండ పెట్టి కూరల చెత్తతో ఎరువు కూడా చేస్తున్నాను. అందులోని పురుగులు కొన్ని కింది అంతస్తుకు దిగి, మా బిల్డింగ్ సెక్రటరీ రవీంద్రభాయి ఆరేసిన తెల్లచొక్కా మీద కూర్చున్నాయి. ఆయన చొక్కా పట్టుకుని పైకి వచ్చి, "యే క్యా హై, బెన్?", ఇదేమిటమ్మా అని అడిగారు. ఎరువు అన్నాను. ఆయన చొక్కాను చూశారు, నన్ను చూశారు, ఏమీ అనకుండా దిగిపోయారు. ఏమైనా అని ఉంటే చెప్పడానికి నా దగ్గర నాలుగు పేజీల జవాబు సిద్ధంగా ఉండింది.

ఇవన్నీ పక్కన పెట్టు. 19వ తేదీ మార్చడం కుదరదు. రా అత్తా.

నీ తిరుమల

తా.క. మీ వాడలో ఇంకా పాత బట్టలుంటే మొహమాటపడకుండా పంపించు. ఎన్ని ఉన్నా సరిపోవడం లేదు.

*

రాజారం
అక్టోబర్ 30

బిడ్డ తిరుమలకు అత్త పోశమ్మ దీవెనలు.

లూములు బందైనయని నీ చేత్తోనే రాసినవ్. బాపు ఇంట్లనే కూసున్నడని నువ్వే రాసినవ్. మల్ల పని పోలేదంటవ్. చదువుకున్నదానివి, అభిమానంతోని మీ కష్టాన్ని తీసుకపోయి భూమి మీదికి నెడుతున్నవ్. భూమి వేడైతున్నదని లైటు తీసేసిన ఇల్లు నేనెక్కడ చూడలే. బిల్లు కట్టక తీసేసుకున్న ఇండ్లు చూసిన.

నీలం చీర నాది. రెండుసార్లే కట్టిన. మీ అమ్మ కట్టుకుంటదని పంపిన. ఉల్లిగడ్డలు మోస్తున్నదంటే సంతోషమే.

ఉన్న బట్టలు చాలక ఇంకా పంపుమన్నవని స్వరాజ్యం చదవంగనే అందరు నోటికి కొంగు పెట్టుకున్నరు. రెండో మూట తయారైతున్నది. నేను మాత్రం రాలేను బిడ్డా. ఈ నెల కంపెనీవాడు బీడీ ఆకు ఎక్కువిచ్చిండు. ఇంకోటి, కోడి పొదుగుతున్నది, ఇడిసిపెట్టి ఎట్ల వస్త?

మీ అత్త పోశమ్మ

తా.క. మీ అత్త బాధ చూడలేక సూరత్‌లోని మన కులసంఘానికి నేనే ఉత్తరం రాశాను. మీ పరువు దృష్ట్యా పేరు రాయలేదు, ఇంటి అడ్రసు మాత్రమే ఇచ్చాను. వెంటనే జవాబిచ్చారు. ఆదివారం సాయంత్రం సాయం పట్టుకుని వస్తారట. ఇంట్లో ఉండండి. – స్వరాజ్యం

*

సూరత్
నవంబర్ 8

పోశమ్మత్తకు తిరుమల దండాలు. ఈసారి పూర్తి కాగితం మీద, ఒకే పక్కన రాస్తున్నాను.

స్వరాజ్యం టీచరుకు తెలియదేమో, బాపు ఆ సంఘంలో కార్యవర్గ సభ్యుడు. నీ ఉత్తరం నాకు సోమవారం అందింది. సంఘం వాళ్ళు ముందురోజే వచ్చారు.

ఆదివారం సాయంత్రం సంఘం అధ్యక్షుడు కమలాకర్ గారు బాపును పిలిపించి, ఎవరో పాపం పొట్టు తిని బతుకుతున్నారట, బియ్యం ఇచ్చి వద్దాం రమ్మన్నారు. ఇలాంటి పనికి బాపు ఎప్పుడూ ముందుంటాడు. పాతిక కిలోల మూట తనే భుజానికెత్తుకున్నాడు. ఐదుగురు కలిసి నడిచారు. చీటీలో అడ్రసు చూసుకుంటూ మన సందులోకి తిరిగారు. మన గేటు దగ్గర కమలాకర్ గారు ఆగి, "ఏందన్నా, ఇది నీ బిల్డింగే కదా?" అన్నారట. బాపు జాలిగా తలూపి, "పైన ఎవరో ఉన్నట్టున్నరు. ఎన్నడూ చెప్పుకోలే" అన్నాడట.

మూడో అంతస్తులో కమలాకర్ గారు చీటీ చూశారు, తలుపు మీది నెంబరు చూశారు, బాపును చూశారు. బాపు జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆ క్షణంలో ఇంకేం చేయాలో తోచలేదని తర్వాత చెప్పాడు.

తలుపు తెరిచేసరికి ఒక్కటే బల్బు. దాని కింద అమ్మ సొరకాయ పొట్టు తరుగుతోంది. నేను స్నానం చేసిన నీళ్ళు కుండీలకు పోద్దామని బకెట్టులో మోసుకుంటూ ఎదురుగా వచ్చాను. వాళ్ళలో ఒకాయన జేబురుమాలు తీశాడు. మాకేం కష్టం లేదు, ఇదంతా పర్యావరణం అని చెప్పాను. "అభిమానపడకమ్మా, మనలో మనకేంది" అన్నారు. ఎంత చెబితే అంత మెత్తగా చూశారు. చివరికి బాపు చేతిలోనే మూట పెట్టి, భుజం తట్టి వెళ్ళారు.

మూడో రోజు బాపు నాతో ఒక్క మాట అన్నాడు. "చదివించింది నేనే. ఎవర్నేమంట?" అప్పటినుంచి ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. మనుషులు లేని గదిలో కూడా ఫ్యాను తిరుగుతోంది. నేను ఆపడం లేదు. ఆ బియ్యాన్ని నిజంగా లేనివాళ్ళ ఇంటికి బాపే మోసుకెళ్ళాడు. ఈసారి ముందు పేరు అడిగి బయల్దేరాడు.

అత్తా, నవ్వులాట అయిపోయింది. నిన్న సుభాషిణి గారితో మళ్ళీ మాట్లాడాను. ఇలాగే వదిలేస్తే ఆ కన్ను పూర్తిగా పోవచ్చని అన్నారు. నా గొప్పలు నేను రాసుకోకపోతే నువ్వు ఈపాటికి బట్టలు సర్దుకునేదానివి. నా ఉత్తరాల వల్ల నీ కన్ను పోతే నేను ఏ పిల్లలకు ఏం పాఠం చెప్పాలి? నీకు రెండు బకెట్లు, నాలుగు బకెట్లు వేడినీళ్ళు పెడతాను. బీరకాయ లోపలిదే వండుతాను, పొట్టు నేను తింటాను. నీ కాళ్ళకు మొక్కుతాను, రా.

నీ తిరుమల

తా.క. అమ్మ ఒక ముక్క రాయమని పక్కనే నిలబడింది. దీనికీ మన విషయానికీ సంబంధం లేదని చెప్పాను, వినలేదు. అమ్మ మాట ఇది: "వదినె, కత్తి కనపడదట. చుక్క మందు వేస్తే అంత తిమ్మిరెక్కుతదట. నేను తలుపుకాడ ఆగ, లోపల్దాక వస్త. నీ చెయ్యి పట్టుకుంట." లోపలికి ఎవరినీ రానివ్వరని కూడా చెప్పాను. రాయి అంది. రాశాను.

*

రాజారం
నవంబర్ 14

బిడ్డ తిరుమలకు అత్త పోశమ్మ చెప్పి రాయిస్తున్నది.

ఈ ఉత్తరం పోస్టుల రాదు, నాతోనే బస్సుల వస్తది. ముఖం మీద చెప్పుడు నాతోని కాదు. గుమ్మంల నిలబడంగనే నీ చేతిల పెడ్త. నువ్వు అక్కడే చదువు.

మీకు ఏ కరువూ లేదని నాకు మొదటి ఉత్తరానికే ఎరుక. మా ఇంటాయన బతికున్నప్పుడు గదే సూరత్‌ల పదహారేండ్లు లూము నడిపిండు. పండుగకు లూములు బందైతయని నాకు తెల్వదా? మీ బాపుకు పొట్టు పచ్చడి తినుడు నేర్పిందే నేను.

కంట్ల కత్తి పెడ్తరంటే నాకు చెమటలు పడ్తయ్ బిడ్డా. యాభై ఎనిమిదేండ్లదాన్ని. చేన్ల పామును ఒక్కదాన్నే కొట్టినదాన్ని. నాకు భయమైతున్నదని ఎవరితోని చెప్పుకోవాలె? సరిగ్గ గప్పుడే నీ అట్ట వచ్చింది. మీకు కష్టమొచ్చిందని ఏడిస్తే అందరు నమ్మిండ్రు. ఏడుపు అబద్ధం కాదు, కన్నును తలుసుకొని ఏడ్సిన. నువ్వు భూమి సంగతి ఎంత మంచిగ రాస్తే నాకు గంత మంచి సాకు దొరికింది. నువ్వు రాసుడు ఆపితే ఏం చేద్దునో అనుకున్న. కోడి పొదుగుత లేదు. అసలు మా ఇంట్ల కోడే లేదు.

మీ అమ్మ నర్సవ్వ ముక్క వినంగనే బీడీల చాట కింద పెట్టిన. ఆమెకు అక్షరం రాదు, నా ఉత్తరాలు నువ్వు చదివితేనే వింటది. నువ్వు చదివిందాంట్ల లేనిది ఆమెకు వినపడ్డది. చెయ్యి పట్టుకుంటనన్నది గద, పట్టుకోవాలె. లోపలికి రానియ్యకుంటే తలుపు తీసిపెట్టి కోయమను డాక్టరమ్మను.

చదువుడైందా? ఇగ పక్కకు జరుగు, లోపలికి రానియ్యి. నిన్నటిసంది బస్సుల కూసుంటే కాళ్ళు గుంజుతున్నయ్.

మీ అత్త పోశమ్మ

తా.క. ఇదంతా రాస్తుంటేనే నాకూ తెలిసింది. కలం రెండుసార్లు కింద పెట్టాను. మీ కోసం నేను నెల రోజులు నిజంగానే బాధపడ్డాను. ఈ ఉత్తరం మాత్రం బీడీల దగ్గర చదవలేదు. పోశమ్మ భయపడిందని వాడలో తెలిస్తే ఆమె తట్టుకోలేదు. కాబట్టి అక్కడున్న పదిమందికి మీరింకా పేదవాళ్ళే. రెండో మూట ఈ బస్సు డిక్కీలోనే ఉంది, మూడోది సంక్రాంతి లోపు వస్తుంది. మీ అత్త పరువు కోసం ఇంకో సంవత్సరమైనా దయచేసి కష్టాల్లోనే ఉండండి. – స్వరాజ్యం