వంటింట్లో నలభై ఒక్క డిగ్రీలు

మెట్టుగూడ,
3 జూన్ 2005

చి. కన్నబాబుకు మామయ్య పద్మనాభం ఆశీస్సులు.

నువ్వు బెంగళూరు ట్రైనింగుకి వెళ్తూ మా ఇంట్లో తగిలించిన నాలుగు డబ్బాలూ ఎర్రగా కన్ను కొడుతున్నాయి. నాకు భయంగా ఉంది. వాటిలో ఉన్న సాఫ్ట్‌వేరు ఎవరో లోకానికంతా ఊరికే పంచుతున్నారన్నావు. ఊరికే ఇచ్చేవాడు ఏం ఆశించి ఇస్తాడు? ఫోన్ చెయ్యకు, డబ్బాలు వింటాయి. ఉత్తరం రాయి.

నీ మేలు కోరే
మామయ్య

తా.క. మీ అత్తయ్య వాటికి పసుపు రాసి బొట్లు పెట్టింది. ఇక పీకెయ్యమంటే ఒప్పుకోదు.

బెంగళూరు,
7 జూన్

మామయ్యకు నమస్కారాలు.

వాటికి చెవుల్లేవు. వేడి, వెలుగు కొలిచి, ఆ అంకెలు ఒకదానికొకటి అందించుకుంటూ మీ ఇంట్లో నా గదిలో ఉన్న కంప్యూటరుకి చేరవేస్తాయి. అది నాకు రోజూ మెయిల్ పంపుతుంది. నాకింకా దీపం మిణుకుమనిపించే మొదటి పాఠమే వచ్చింది. నెలాఖరుకి మేనేజరుకి సరైన కొలతలు చూపించకపోతే ఉద్యోగం ఉండదు. వంటింటి డబ్బా రోజూ మధ్యాహ్నం మూడింటికి నలభై ఒక్క డిగ్రీలంటోంది! మిగతా మూడూ ముప్పై నాలుగు దాటడం లేదు. అప్పుడు అత్తయ్య పారాయణకి వెళ్తుంది, మీరు పడుకుంటారు. పొయ్యి వెలిగించేదెవరు? నా ప్రోగ్రామే తప్పేమో.

మీ
కన్నబాబు

తా.క. అత్తయ్య బొట్టు సరిగ్గా వంటింటి డబ్బా కంటి మీదే పడినట్టుంది, వెలుగు తెలియడం లేదు. వేడి మాత్రం కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

మెట్టుగూడ,
11 జూన్

చి. కన్నబాబుకు,

నీ ప్రోగ్రామే తప్పు. ముమ్మాటికీ తప్పు. నేను పక్కకి కూడా ఒత్తిగిల్లకుండా నిద్రపోతాను. వంటింటి అంకెలు చెరిపేసి మిగతావి చూపించు. అత్తయ్యకి చెప్పకు, హడలిపోతుంది.

మామయ్య

తా.క. ఆ డబ్బా సంగతి నేను చూసుకుంటాలే.

బెంగళూరు,
15 జూన్

మామయ్యా,

కొంప మునిగింది. వంటింట్లో ఇప్పుడు నాలుగు డిగ్రీలట! జూన్‌లో, మెట్టుగూడలో! ప్రోగ్రాము మూడుసార్లు తిరగరాశాను. సోమవారం నా వల్ల కాదని రాసిచ్చి వచ్చేస్తాను.

కన్నబాబు

తా.క. భయం ఆపుకోలేక అత్తయ్యకి ఫోన్లో అన్నీ చెప్పేశాను. రేపు పారాయణ మానేసి మూడింటికి వంటింట్లో కాపలా కాస్తానంది. దెయ్యమో, ప్రోగ్రామో తేలిపోతుంది.

మెట్టుగూడ,
16 జూన్

కన్నా,

రాజీనామా ఇవ్వకు. నీ ప్రోగ్రాము నిక్షేపంగా ఉంది. నలభై ఒకటి నా మిరపకాయ బజ్జీలు. నాలుగంటావా, డబ్బాని నేనే ఫ్రిజ్‌లో దాచాను. డాక్టరు నూనె వద్దన్నాడని మీ అత్తయ్య ఏడాదిగా ఉడకబెట్టిన బీరకాయే పెడుతోంది. డబ్బాలు వింటాయని కాదురా, చెప్పేస్తాయని భయపడ్డాను. ఇవాళ మూడింటికి చిల్లుల గరిటెతో వెనక్కి తిరిగేసరికి మీ అత్తయ్య! నువ్వు ఉద్యోగం వదిలేసి వస్తున్న సంగతి తనే చెప్పింది. అప్పుడు అసలు భయం పట్టుకుంది. నా నోటి రుచికి నీ నోటికాడ కూడు తీయబోయాను. ఫోన్ చేస్తానంటే కాదని, నీ మేనేజరుకి చూపించేలా రాసి సంతకం పెట్టమంది. కొరియర్లో పంపుతున్నాను.

బుద్ధి తెచ్చుకున్న
పద్మనాభం

తా.క. నాన్నా, నేను అత్తయ్యని. బొట్టు దాని కంటి మీద నుంచి నుదుటికి జరిపాను. వెలుగు తెలుస్తోందా? వచ్చేటప్పుడు ఐదో డబ్బా పట్రా. మీ మామయ్య రేపటి నుంచి సాయంత్రాలు నడకకి వెళ్తారట, చొక్కా జేబులో పెడతాను.