లచ్చవ్వ సగం యూరియా చేను

జూన్ 14, 1976
విత్తనాలకు పట్టించే సూక్ష్మజీవుల కల్చర్ ప్యాకెట్లు ఆఫీసు రేకుల గదిలోనే ఉండిపోయాయి. నాలుగు రోజులు. నేను పటాన్‌చెరులో ఫ్యాక్టరీ గేట్ల ముందు వేరే ఉద్యోగానికి దరఖాస్తు పట్టుకుని తిరుగుతున్నాను. వచ్చి చూస్తే ప్యాకెట్లు ముట్టుకుంటే కాలుతున్నాయి. చల్లటి చోట పెట్టమని రైతులకు చెప్పేది నేనే... లోపలి సూక్ష్మజీవులు బతికి ఉంటాయా—

జూన్ 17
వాన. కొల్లూరులో లచ్చవ్వ మక్కజొన్న వేస్తోంది. మా వ్యవసాయ ఆఫీసు ప్రదర్శన చేను, ఎకరం. కొత్త ప్యాకెట్లు తెప్పించేదాకా ఆగితే విత్తే అదును పోతుంది. అవే ఇచ్చాను. బెల్లం నీళ్లలో ఆ నల్లపొడి కలిపి విత్తనాలకు పట్టించింది.
"యూరియా సగమే సాలంటవా సారూ?"
"సాలు లచ్చవ్వా. మిగిలింది గీ పొడే ఇస్తది."
నమ్మింది.

జులై 2
మొలక బాగుంది.

జులై 16
మోకాలెత్తు పెరిగింది. పాలిపోయింది. గట్టు అవతల ఆమె మరిది మల్లయ్య మక్క నల్లగా నిగనిగలాడుతోంది. అతను పూర్తి యూరియా వేశాడు.
"వదినా, నీ మక్కకు కామెర్లయినయి. పసరు పోయించు."
లచ్చవ్వ నవ్వలేదు.

జులై 17
ప్యాకెట్లు ఎండకు కాలిన సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

జులై 19
తల వంచుకుని ఆమే చెప్పింది. "పొడి పట్టిచ్చిన ఇత్తనాలు నీడల ఆరవెట్టమంటివి. జెరసేపు ఎండ తాకింది సారూ. నా తప్పే."
"అయిందేదో అయింది తియ్యవ్వా" అన్నాను. క్షమించినవాడిలా.

జులై 20
రిపోర్టు రాశాను. కారణం: రైతు విత్తనాన్ని ఎండలో ఆరబెట్టింది. సంతకం పెట్టాను.

జులై 22
మిగతా యూరియా ఈ వారం వేస్తే చేను కోలుకుంటుంది. పోయి చెప్పాను. ఒప్పుకోదు.
"బోర్డు పాతితిరి గదా. యూరియా ఏస్తే మీ పరీక్ష ఖరాబైతది. నా తప్పుకు నీకు మాట రావద్దు."
"రాదవ్వా. ఎయ్యి."
"వద్దు సారూ. జెర తక్కువ పండుతది, గంతే."
ఏడాదంతా ఆ ఇంట్లో వండుకునే మక్క గటకకు ఆ చేనే ఆధారం. అసలు కారణం చెబితే తప్ప వెయ్యదు. సైకిల్ తిప్పుకుని వచ్చాను.

జులై 24
యూరియా బస్తా కట్టుకుని వెళ్లాను. మల్లయ్య అక్కడే ఉన్నాడు.
"తప్పు నీది గాదు లచ్చవ్వా. పొడి పాడైంది." నా నోట అంతవరకే వచ్చింది.
"పంపినోళ్లు గట్ల పంపితే నువ్వేం జేస్తవు సారూ?" అని మరిది వైపు తిరిగింది. "ఇన్నవా మల్లిగా? నా తప్పు గాదంట."
అప్పుడే గంప తెచ్చి చల్లడం మొదలుపెట్టింది.
రిపోర్టు టేబుల్ మీదే ఉంది. అందులో తప్పు ఇంకా ఆమెదే. ఆ కారణం గడి కొట్టేస్తే పొడి ఎక్కడ పాడైందని అడుగుతారు... రేపు టపాలో అది వెళ్లాలి.