జవాబు వచ్చేదాకా

ఏవండీ,

మీరు ప్రభువు దగ్గరికి వెళ్ళి ఈరోజుకు ఏడాది. ఊళ్లో సైన్యం కాల్పులు మొదలుపెట్టాక ఇంటర్నెట్ ఆపేశారు, ఫోన్లు పలకడం లేదు. ఊరి చివర లైంగ్‌థార్యార్ పేటలో బట్టల ఫ్యాక్టరీకి పనికెళ్ళిన మన అమ్మాయి రూతు నిన్న ఇంటికి రాలేదు.

మీరు బ్యాంకులో చూసుకున్న, ఊళ్ళ మధ్య కంప్యూటర్ల కబుర్లు మోసే పాత ఎక్స్.25 లైన్ గుర్తొచ్చింది. దారిలో ప్రతి యంత్రమూ, తన తర్వాతి యంత్రం "అందింది" అనేదాకా తన నకలు పారేయదనేవారు. నత్తనడకే, కానీ పాడు తీగల మీద కూడా మాట పోదట. తర్వాత వచ్చిన ఫ్రేమ్ రిలే అనే కొత్త పద్ధతి మంచి తీగల్ని నమ్ముకుని మధ్యలో అడగడం మానేసింది. వేగం పెరిగింది, పోయినదాన్ని చివర ఉన్నవాళ్ళే చూసుకోవాలి.

మా ప్రార్థన కూటం ఆడవాళ్ళం పాత పద్ధతిలోనే ఇంటి నుంచి ఇంటికి రూతు కోసం కబురు పంపాం. ఈ సాయంత్రం పక్కింటి మార్తక్క గుమ్మంలోంచే అరిచింది.

"ఇంకా ఏడుస్తన్నావేటే? పిల్ల తోటిపిల్ల ఇంట్లో ఉందట, రెండుసార్లు అన్నం పెట్టించుకుందట! అందిందని చెప్పు, ఎనక్కి కబురెట్టాల."

"అందింది, మార్తక్కా" అన్నాను.

మీకూ చెప్పాలనిపించి రాశాను. మీ నుంచి జవాబు వచ్చేదాకా ఈ కాగితం నా బైబిల్లోనే ఉంచుతాను.

మీ ఎస్తేరు