కొంగున ఉల్లిపాయ

సెక్టర్ 6, భిలాయి
11-6-1994

శ్రీవారికి అహల్య నమస్కారాలు. ఎండను పక్కన పెడితే ఇక్కడ అత్తయ్య, నేను కులాసా. మీరూ అక్కడ విశాఖలో వేళకింత తింటూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

కూలరు సంగతి అడిగారు. మోటారు తిరుగుతోంది గానీ వచ్చేది పొయ్యి సెగే. మృగశిర వచ్చినా చినుకు జాడ లేదు. కుళాయి దగ్గర నీళ్లు పట్టడం, కూలరులో పొయ్యడం, మళ్లీ పట్టడం. ఒళ్లు హూనమైపోతోందండీ. మధ్యాహ్నం గచ్చు మీద తడిగుడ్డ పరిచి పడుకుంటే, లేచేసరికి అదీ ఎండిపోతోంది.

అమ్మ అన్నం తింటోందా అని అడిగారు. శుభ్రంగా తింటున్నారు. మామయ్యగారు పోయి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి మంచం దిగని మనిషి కదా, వేసవి మొదట్లో నేనే బలవంతాన నడకకు లేవదీశాను. వడగాలి తగలకుండా ఆవిడ కొంగున ఉల్లిపాయ కట్టి, చెయ్యి పట్టుకుని, ఎండ రాకముందే వీధి చివరిదాకా తీసుకెళ్లేదాన్ని. "ఏటే ఈ పీకులాట? నన్నొగ్గేయే" అని దారంతా తిట్టేవారు. ఇప్పుడు మైదానం దాటి వేపచెట్ల దాకా పోతున్నాం. రోజు మొత్తంలో ప్రాణానికి హాయిగా ఉండేది ఆ కాసేపే. అక్కడ దోసకాయలు అమ్ముకునే సుఖ్‌బతీ అనే ముసలామె "ఆ గే దాయీ!" అని, వచ్చావా అమ్మా అన్నట్టు, పిలుస్తుంది. ఆమెకు తెలుగు రాదు, ఈవిడకు హిందీ రాదు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని పోయిన మొగుళ్ల గురించి చెప్పుకుని ఏడుస్తారు, అంతలోనే నవ్వుతారు. ఏం అర్థమవుతుందో ఆ దేవుడికే తెలియాలి.

అమ్మ కోసం విశాఖకే శాశ్వతంగా బదిలీ పెట్టుకుంటాను, ఏమంటావని మళ్లీ అడిగారు. పోయిన ఉత్తరంలో కావాలనే జవాబు దాటేశాను. మీరు రాసింది చదివి వినిపించిన రోజే అత్తయ్య, "అక్కడ నాకెవులున్నారే? ఇక్కడ సుకబత్తి ఉంది. నాను రానని ఆడికి రాయే" అన్నారు. నేను రాయలేదు. ఎందుకంటే నాకు వెళ్లాలని ఉంది. ఇన్ని వేసవులు ఇక్కడ ఉడికాను, నాకు సముద్రపు గాలి కావాలండీ. నేను నోరు మూసుకుంటే మీరు సంతకం పెట్టేస్తారు, ఆవిడ ఎలాగూ వస్తారనుకున్నాను.

నిన్న తెల్లవారి నాకు లేచే ఓపిక లేకపోయింది. నిద్ర నటిస్తూ పడుకున్నాను. అత్తయ్య వచ్చి నా కొంగు లాగి, ఉల్లిపాయ పెట్టి ముడేశారు. "లెగే తల్లీ. నాలాగ మంచానికి అతుక్కుపోతావేటి? నా చెయ్యట్టుకో, నానున్నాను కదా" అన్నారు. పట్టుకున్నాను. వేపచెట్ల దాకా ఆవిడే నడిపించారు. నాకు ఏడుపొచ్చింది, చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

బదిలీ కాగితం మీద సంతకం పెట్టకండి. వానలు పడ్డాక సెలవు దొరికితే ఒకసారి వచ్చి మీ అమ్మ నడక చూసి వెళ్లండి. నాకు సముద్రం మీద ఆశ ఉందని మాత్రం ఆవిడకు తెలియనివ్వకండి.

ఇట్లు,
మీ ఇల్లాలు
అహల్య