చుక్కలతో గీసిన కాలు

నేపుల్స్,
1958 మార్చి 9.

నున్‌జియా అక్కకు,

చెల్లెలు ఎర్సీలియా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ పొజ్జువోలిలో నువ్వూ, బావా, బజారంతా దద్దరిల్లే నీ గొంతూ బాగున్నాయని తలుస్తాను.

మన చేపల కొట్టు వదిలి మ్యూజియంలో పీతల బొమ్మలు గీయడానికి వచ్చేశానని నాతో మాట మానేశావు. మానితే మానావు గానీ, ఈ కబురు నీకు చెప్పకపోతే నాకు ముద్ద దిగదు. అక్కా, గెలిచాను!

మనం పులుసులో పడేసే బుల్లి ఎర్రపీత ఉందే, దాన్ని ఇన్నాళ్లూ మామూలు రాతిపీతల్లోనే కలిపేశారు. ఎందుకంటే ఇక్కడ బొమ్మలు గీసేవాళ్లు పీతను సగమే గీస్తారు. ఆ సగాన్ని పల్చటి కాగితం మీదికెత్తి, తిరగేసి రెండోపక్క అద్దేస్తారు. పని తొందరగా తెములుతుంది. నేను మాత్రం నా దగ్గరున్న ఒక్క పీతనూ రెండుపక్కలా చూసి గీశాను. ఎడమ డెక్క లోపల సన్నటి ముళ్ల వరుస ఉంది. కుడి డెక్కకు లేదు! ఇది వేరే జాతి అన్నాను.

మా మ్యూజియం పెద్ద ప్రొఫెసర్ బెవిలాక్వా పకపకా నవ్వాడు. అది విరిగి మళ్లీ మొలిచిన డెక్క అమ్మాయీ, ఒక్క పీతను పట్టుకుని కొత్త జాతి అంటావేమిటి, ఇంకోసారి నోరెత్తావంటే నీ బల్ల ఖాళీ చేసి పో అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీ కొట్టుకొచ్చే ధైర్యం లేక పక్క కొట్టు డొమెనికో దగ్గర బుట్టెడు కొన్నాను. అన్నిటికీ ఎడమవైపే ముళ్లు!

నిన్న పెద్దలంతా కూర్చున్న సభలో ఆ బుట్ట తెచ్చి బల్లమీద కుమ్మరించాను. అన్నీ బతికున్నవే. ఒక పెద్దాయన కుర్చీ ఎక్కేశాడు. బెవిలాక్వా మాత్రం ఒక్కొక్కదాన్నీ పట్టుకుని భూతద్దంలో చూసి, నేనే తప్పమ్మా, ఇది కొత్త జాతే అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ఏం చప్పట్లనుకున్నావు! నా బల్ల నాకే ఉంది, బొమ్మ కింద నా పేరూ అచ్చవుతుంది.

ఆదివారం వచ్చి చూడు. తిట్టాలనుంటే ఇక్కడికొచ్చే తిట్టు.

నీ చెల్లెలు,
ఎర్సీలియా

తా.క.: కొత్త జాతికి ఆధారంగా ఒక్క పీతను సీసాలో దాస్తారు. ఎన్నేళ్లయినా ఆ పేరుకు అదే సాక్ష్యం. అది డొమెనికో బుట్టలోది కాదు, నేను మొదట గీసినది. నేను ఇల్లు వదిలిన రోజున, పోవే, పోయి దీని బొమ్మ గీసుకో అంటూ నా మొహాన విసిరికొట్టావే, అదే. సీసామీద ఇచ్చినవారి పేరు దగ్గర నీ పేరే రాయించాను. దానికి ఒక కాలు లేదు. లేని కాలిని మేం చుక్కలతో గీస్తాం. ఎలా విరిగిందని ప్రొఫెసర్ అడిగితే, తెచ్చేటప్పుడు దారిలో విరిగిందన్నాను. నా నుదుటికి తగిలి విరిగిందని ఎవరికీ చెప్పలేదు.